మిగిలిన మాట

శ్రీనగర్ కాలనీలో మూడో అంతస్తు బాల్కనీలో, పడిపోయిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునే వీరరాఘవయ్యగారు ముప్పయ్యేళ్ళు సినిమా కథాచర్చల్లోనే గడిపారు. ఎవరి కథ చిక్కుపడినా కబురు ఆయనకే వచ్చేది. చిటికె వేసి "ఐడియా!" అన్నారంటే గదిలో అందరూ ఆయనవైపు తిరిగేవారు. నిరుడు పక్షవాతం వచ్చి మాటలన్నీ పోయాయి, ఆ ఒక్కటీ తప్ప. ఇప్పుడు కాఫీ కావాలన్నా ఐడియాయే, ఫ్యాను ఆపమన్నా ఐడియాయే. గొంతును బట్టి అర్థం పోల్చుకోవడం భార్య విశాలాక్షికి అలవాటైంది.

మొన్న డైరెక్టర్ విహారి బత్తాయిలు పట్టుకుని చూడవచ్చాడు. మాటల్లో తన కొత్త కథ చెప్పుకొచ్చాడు. "కూతురు ఎదురుంగ నిలబడ్డా తండ్రి గుర్తుపట్టడు సార్. గాడనే ఆగిపోయిన."

రాఘవయ్యగారి కళ్ళు మెరిశాయి. ఎడంచేత్తో చిటికె వేశారు. "ఐడియా!"

విహారి గబగబా నోట్‌బుక్ తీశాడు. "చెప్పండి సార్."

"ఐడియా... ఐడియా..."

"మంచినీళ్ళడుగుతున్నారు బాబూ," అంటూ విశాలాక్షి గ్లాసు అందించింది. ఆయన దాన్ని తోసేశారు. విహారి చేతిలో పెన్ను లాక్కుని కాగితం మీద ఆనించారు. వంకర గీత ఒకటి పడి, పెన్ను జారిపోయింది.

ఒలికిన నీళ్ళు తుడవబోయిన విశాలాక్షికి అప్పుడు తెలిసింది, ఈసారి ఆయన ఆ మాటను దాని అర్థంలోనే అన్నారని. తడినేల మీదే కూర్చుని ఆయన మోకాలు పట్టుకుంది.

"ఏవండీ, చెప్పండి. నెమ్మదిగా చెప్పండి, వింటాను."

ఆయన ఆమె కళ్ళలోకి చూస్తూ, కన్నీళ్ళతో, ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పారు.