ముడియం వారి ఇంటిపేరు వెంట: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా

మా ఇంటిపేరు ముడియం. మా అమ్మాయి శైలజ ఇష్టపడిన అబ్బాయి ఇంటిపేరూ ముడియమే. ఇద్దరూ ఇడుపులపాయ కాలేజీలో కలిసి చదువుకున్నారు. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి మాట ఎత్తకూడదని మా అమ్మ పట్టుబట్టింది. ఆ పేరు వంశంతో వచ్చిందా, ఊరితో వచ్చిందా తేలితే తప్ప నేను ఔననీ కాదనీ అనలేను. అనంతపురంలో కూర్చుంటే తేలేది కాదని ముందురోజే ప్రొద్దుటూరు చేరాను.

ఉదయం బంగారు అంగళ్ల వీధిలో మా ఇంటిపేరుతో ఒక బోర్డు కనబడింది. ఆ షావుకారుది మా కులం కాదు. అయితే పేరు వంశంది కాదు, ఊరిదేనని ప్రాణం లేచివచ్చింది. అక్కణ్ణుంచి జమ్మలమడుగుకు బస్సులకు కొదవ లేదు. ముప్పావు గంట ప్రయాణం, టికెట్టు ఒక టిఫిను ఖర్చుకు మించదు. దిగగానే బస్టాండు పక్కన పరుపులు కుట్టే మస్తాన్ సాహెబును కలిశాను. ఆయన ఇంటిపేరూ ముడియమేనని షావుకారే చెప్పాడు.

"దాంట్లో ఏముందప్పా! పెద్దముడియంలో కరువొచ్చి ఊరిడిసినోళ్లంతా ముడియమోళ్లే. నువ్వూ నేనూ ఒగ తల్లి బిడ్డలమా ఏంది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ముద్దనూరు మీదుగా అబ్బాయి వాళ్లుండే పులివెందులకు పోయే బస్సులో దారి పొడుగునా పెళ్లి పనుల గురించే ఆలోచించాను.

అబ్బాయి తండ్రి వీధి మలుపులోనే ఎదురొచ్చాడు. "రాండి సార్" అన్నాడు. వరస తేలలేదు కాబట్టి పాపం బావా అనలేడు, అన్నా అనలేడు. సంగటి, అందులోకి చెనిక్కాయల పచ్చడి ఊరుమిండి వడ్డించారు. నేను మస్తాన్ సాహెబు మాట చెప్పగానే అబ్బాయి తల్లి మొహం వెలిగిపోయింది. లోపలికి పోయి ఒక చీర తెచ్చింది.

"పెండ్లికి ముందు మా ఓబక్క పేరంటాలుకు అంచు లేని పచ్చచీర పెడతాం. ముందే తెచ్చిపెట్టినా."

పేరంటాలు అంటే ముత్తైదువుగా పోయి ఆ ఇంటికి ఇలవేల్పైన ఆడమనిషి. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నోరు మెదపకపోతే పెళ్లి జరిగిపోతుందని ఆశ పుట్టింది, దాచను. కానీ రేపు మా అమ్మ ఇలాంటి చీరే పట్టుకుని ఈ పేరే తలుచుకుంటుంది.

"మాకూ ఓబక్కేనమ్మా. అంచు లేని పచ్చచీరే" అన్నాను.

అబ్బాయి తండ్రి నా ముందుకు జరిగి కూర్చున్నాడు. "ఆయమ్మ ఎట్ల పోయిందంటారు మీ ఇంట్లో?"

"గడ్డివామి కాడ, పాము కరిచి."

"ఔ. వామి కాడనే."

ఆమె చీర మడతపెట్టి లోపలికి పోయింది. ఆయన నా సంగటి మీద నెయ్యి వేసి, కళ్లు తుడుచుకుని, "తిను అన్నా. చెయ్యి ఎండిపోతాంది" అన్నాడు.

బస్టాండు నుంచి శైలజకు ఫోన్ చేశాను. "నాన్నా, ఆయన నిన్ను ఏమని పిలిచినాడు?" అని ఒక్కటే అడిగింది. "అన్నా అన్నాడమ్మా" అన్నాను. ఫోను పెట్టేసింది.

ఊరి పేరు ఎందరికో ఇంటిపేరైన మాట నిజమే. మా రెండిళ్ల సంగతి మాత్రం వేరు. ఎన్ని తరాల కిందో విడిపోయిన అన్నదమ్ముడు దొరికినందుకు సంతోషించాలి, నా వల్ల కావడం లేదు. ఇలాంటి పని మీద బయలుదేరేవారికి ఒక్క మాట. బోర్డులు చూసి మురిసిపోకండి. ఆ ఇంట్లో ఏ పేరంటాలుకు చీర పెడతారో అడగండి. పిల్లలు మనసులు ఇచ్చుకోకముందే అడగండి.