పండబెట్టిన తలుపు

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. మా వికారాబాద్‌లో ఎవరైనా అడవి దారి గురించి గొంతు తగ్గించి మొదలుపెడితే, "మరి నాకెందుకు కనబడదు?" అని అడ్డం తగిలేదాన్ని. ఇప్పుడు నేను చెబితే మావాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

నేను తాండూరు బండ ముక్కల మీద పేర్లు, బొమ్మలు వేసి అమ్ముతాను. పోయినేడాది దాకా వంటింటి గట్టు మీదే ఆ పని. తర్వాత వెనక గది ఖాళీ చేసుకుని, పాత సామానుతోనే స్టూడియో పెట్టుకున్నాను. మూలన పడ్డ కుట్టుమిషన్ స్టాండు రంగుల డబ్బాలకు పనికొచ్చింది. విరిగిన నిచ్చెనను గోడకు కొట్టిస్తే బ్రష్‌లకు అల్మారా అయింది. ఇక కావాల్సింది పెద్ద బల్ల.

పెద్దేముల్‌లో ఒక పాత ఇల్లు కూలగొడుతున్నారంటే వెళ్లాను. రెండు రెక్కల టేకు తలుపు దొరికింది. బయటి వైపు చెక్కడం పని, లోపలి వైపు నున్నగా ఉంది. బల్లకు నున్నగా ఉండాలి కదా, అందుకని చెక్కడం వైపు కిందికి తిప్పి ఇనుప కాళ్ల మీద బిగించాను. పైకొచ్చిన లోపలి వైపున, రెక్కలు రెంటినీ కలిపే గొలుసు గొళ్లెం ముచ్చటగా ఉందని దాన్ని అలాగే తగిలించి ఉంచాను.

మాకు సహస్ర ఒక్కతే బిడ్డ, ఐదేళ్లది. బల్ల కింద బొమ్మరిల్లు పెట్టుకుంది. ఒక సాయంత్రం నేను గీత గీస్తుంటే కింది నుంచి ఠక్ ఠక్‌మని తట్టింది. చెయ్యి చెదురుతోందే అని కసిరాను. "నన్నెందుకు తిడ్తున్నవ్?" అంటూ అది వంటింట్లోంచి వచ్చింది, చేతిలో బిస్కెట్‌తో.

ఎలుక అనుకున్నాను. కానీ ఎలుక అలా తట్టదు. ఎవరో తట్టి, లోపలి నుంచి పలుకుతారేమోనని ఆగి, మళ్లీ తట్టినట్టు ఉండేది. ఎప్పుడు వినబడినా దీపాలు పెట్టే వేళకే. నాకు భయం పట్టుకుంది. సహస్రను బల్ల కిందికి పోనివ్వడం మానేశాను.

యాలాల్ నుంచి మా అత్తమ్మ వచ్చింది. బల్లను చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"దీపం పెట్టే యాళ్లకు తల్పు తీసి పెడ్తం గద బిడ్డా. నువ్వేమో గొళ్లెం పెట్టి పండవెట్టినవ్."

"అది తలుపు కాదత్తమ్మా, బల్ల."

"ఆ సంగతి తల్పుకెర్కనా?" అని చాయ్ తాగడానికి వెళ్లిపోయింది. మర్నాడు ఊరికి పోయింది.

ఆ వారంలోనే మా ఆయన సహస్రను తీసుకుని తాండూరులో చుట్టాలింటికి వెళ్లాడు. నేను ఒక్కదాన్నే కూర్చుని ఎవరిదో ఇంటి పేరు పలక పూర్తి చేస్తున్నాను. బయట మసకబడుతోంది. కింది నుంచి తట్టారు. నేను తల ఎత్తలేదు.

"అమ్మా, తల్పు తీయ్."

సహస్ర గొంతే, ఏడుపు గొంతు. బిడ్డ ఏడుస్తుంటే ఏ తల్లి ఆలోచిస్తుంది? గొళ్లెం తీసేశాను. తీశాక గుర్తొచ్చింది, అది ఇంట్లో లేదని.

వంగి చూసే ధైర్యం లేక వాకిట్లోకి పరుగెత్తి ఫోన్ చేశాను. మా ఆయన ఫోన్ దానికే ఇచ్చాడు. "ఐస్‌క్రీమ్ తింటున్నమ్మా" అంది హుషారుగా.

మర్నాడే రెక్కలు విప్పించి పంపేశాను. మళ్లీ ఎవరూ తట్టలేదు. భ్రమ అంటాడు మా ఆయన. కావచ్చు. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు మాత్రం అంతుచిక్కలేదు.

ఇప్పుడు సహస్ర పక్క గదిలోంచి పిలిచినా, వెళ్లి కళ్లారా చూసుకునేదాకా నోరు తెరవను. "పిలుస్తుంటె పలుకవేందమ్మా?" అని అది అలుగుతుంది.