ఖాళీ అయిన గూడెం

గురువారం ఉదయం ఆరున్నరకు జనగామలో రైలెక్కాను. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థకు కాగితాలు రాసిపెడుతున్నాను. భూపాలపల్లి అడవిలో ఒక గూడెం పిల్లలకు జనన ధ్రువపత్రాలు ఇప్పించాలని దరఖాస్తు ఫారాలు గూడేనికి పంపాం. ఒక్కటీ నింపి తిరిగి రాలేదు. మన అధికార భాషలు తెలుగు, ఉర్దూ. ఆ గూడెం మాట్లాడేది కోయ.

మహబూబాబాద్‌లో నాగమ్మక్క కలిసింది. అంగన్‌వాడీ టీచరు; కోయ ఆమె ఇంటి భాష. స్టేషన్ బయట ఇడ్లీ తిని, నర్సంపేటలో బస్సు మారి, భూపాలపల్లి చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు వాగు దగ్గర ఆపేశాడు.

"గిక్కడికెల్లి నడవాలె సార్. మూడొద్దులాయె, గా తొవ్వల మనిషన్నోడు కనవడ్తలేడు. నేను గీడనే ఉంట."

అరగంట నడిచాక గూడెం వచ్చింది. చప్పుడు లేదు. గుడిసెల తడికలన్నీ తీసే ఉన్నాయి. ఒక రోట్లో సగం దంచిన వడ్లు. దండెం మీద ఎండి బిరుసెక్కిన చీర. కుక్క మమ్మల్ని చూసి కూడా మొరగలేదు.

నాగమ్మక్క కోయలో కేకేసింది. మూడో కేకకు, మేం దాటివచ్చిన పొదలోంచే ఒక ముసలమ్మ లేచి నిలబడింది. ఇంతసేపూ మమ్మల్ని చూస్తూనే ఉందన్నమాట. ఆమె వెనక చెట్ల సందుల్లోంచి ఒక్కొక్కరే లేచారు.

ముసలమ్మ చెప్పింది విని నాగమ్మక్క నా వైపు తిరిగింది.

"సార్, తొవ్వంట పోయేటాయన ఎవలో మన కాగితం సదివి ఇనిపిచ్చిండట. ఈళ్లకు అండ్ల ఒక్క మాటనే సమజైంది."

"ఏ మాట?"

"ఖాళీ."

కాగితం అందుకున్నాను. 'మంగళవారంలోగా ఖాళీలన్నీ పూరించవలెను.' నేను రాసిన వాక్యమే. ఇదివరకు ఉన్నచోట ఖాళీ చేయమంటూ వాళ్ల గుడిసెలు పీకించినప్పుడు వాళ్లు నేర్చుకున్న మాట అది. సోమవారం ఆ మాట వినగానే పిల్లలను చంకనేసుకుని అడవిలోకి వెళ్లిపోయారు. ఒక చంటిదానికి అప్పటినుంచీ జ్వరం.

"ముందుగాల దవాఖాన. కాగితాలు తర్వాత," అంది నాగమ్మక్క.

తల్లీబిడ్డలను ఆటోలో భూపాలపల్లి తీసుకొచ్చి ఆస్పత్రిలో చూపించాం. సూది వేశాక, భయం లేదన్నారు. తల్లికి మాట చెప్పేవాళ్లు కావాలని నాగమ్మక్క అక్కడే ఉండిపోయింది. నేను హనుమకొండ బస్సెక్కాను.

అక్కడికి వెళ్లేవాళ్లు కోయ వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. నలభై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. వచ్చేటప్పుడు ఆటోలో నేను డ్రైవరుతో తెలుగులో మాట్లాడినప్పుడల్లా ఆ తల్లి బిడ్డ చెవులు రెండూ అరచేతులతో మూసింది. భూపాలపల్లి దాకా మళ్లీ నోరు విప్పలేదు నేను.