వాగ్దాన ఫ్రేము వెనుక పగులు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీ అందరికీ నా వందనాలు. చప్పట్లు వద్దండీ, దయచేసి ఆపండి. ముందు నేను చెప్పేది వినండి. రెండేళ్ల క్రితం కొత్త సంవత్సరం ఆరాధనలో ఇదే మైకు పట్టుకుని నేను చెప్పిన సాక్ష్యం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా బిల్డింగంతా పాడైపోయింది, అందరూ ఖాళీ చేసి వెళ్లిపోయారు, అయినా నా దేవుడు నా ఇంటి గోడ మీద గీత కూడా పడనివ్వలేదు అని చెప్పాను, మీరంతా లేచి నిలబడి స్తోత్రాలు చెప్పారు, వెనుక బెంచీలో ఒక పెద్దావిడ ఏడ్చింది కూడా. అది అబద్ధం సహోదరులారా! పచ్చి అబద్ధం! గోడకి పగులు ఉంది. దాని మీద రంగు వేసింది నేనే.

నన్ను తెలియని కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను, నా పేరు ఆశీర్వాదం, మాది ఏలూరు దగ్గర, మా నాన్న దర్జీ. సినిమావాళ్లకి నేను మేకప్ ఆశీర్వాదాన్ని. మద్రాసులో బ్రష్షులు కడగడంతో మొదలుపెట్టి, పరిశ్రమ హైదరాబాదుకి తరలివచ్చినప్పుడు దానితో పాటు నేనూ వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా పెద్ద పెద్ద ముఖాలకి రంగు వేశాను. మొటిమలు, మచ్చలు, కంటి కింద నలుపు, ముందురోజు తాగిన ఉబ్బు, ఏదైనా సరే నా చేతిలో పడిందంటే కెమెరాకి కనబడదు. ఆ చేత్తోనే సంపాదించి, ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ పైకి ఎక్కే రోడ్డులో, కొండబండని పేల్చి కట్టిన, కింది అంతస్తుతో కలిపి అయిదంతస్తుల అపార్టుమెంటులో, డాబాకి సరిగ్గా కింద నాలుగో అంతస్తు ఫ్లాటు కొన్నాను. బిల్డింగు పేరు మాత్రం చెప్పను, బిల్డరు వారసులు ఇంకా కోర్టులో కొట్టుకుంటూనే ఉన్నారు.

అబ్బో, ఆ రోజుల్లో దాని దర్జా ఏం చెప్పమంటారు! గేటు దాటగానే నల్లరాతి ఫౌంటెను, లాబీలో గోడంతా అద్దం, ఆ అద్దంలో ఒకసారి జుట్టు సర్దుకోకుండా ఏ హీరోయినూ లిఫ్టు ఎక్కేది కాదు, పైన డాబా మీద నీలం టైల్సు వేసిన ఈతకొలను! మా ఏలూరు చుట్టాలు చార్మినార్ చూద్దామని వచ్చి మా కొలను చూసి తృప్తిగా వెళ్లిపోయేవాళ్లు. వాక్యంలో చెప్పినట్టు మాది బండ మీద కట్టిన ఇల్లండీ అని నేను జోకు వేస్తే మీరూ నవ్వేవారు. దర్జీ కొడుకుని జూబ్లీహిల్స్ ఆశీర్వాదం గారిని చేశాడు దేవుడు, ఆ పిలుపు నాకు ఎంత తీపిగా ఉండేదో మీకు తెలియదు.

ఆ కొలనే మమ్మల్ని ముంచింది. ఎప్పుడో దాని అడుగున టైలు ఒకటి పగిలింది, నీళ్లు కింది స్తంభాల్లోకి దిగడం మొదలుపెట్టాయి. బాగు చేయిద్దామని మీటింగు పెడితే నా ఫ్లాటులో కారడం లేదు కదా అని ఒకరు, నేను వచ్చే నెల ఖాళీ చేస్తున్నా అని ఇంకొకరు! హీరోలు గండిపేట అవతల విల్లాలు కట్టుకుని వెళ్లారు, నిర్మాతల ఆఫీసులు అద్దాల మేడల్లోకి మారాయి, ఒక్కొక్క తలుపుకీ తాళం పడింది. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య నోరు తెరుచుకుని ఆగిపోయింది, ఆగింది ఆగినట్టే ఉంది. లాబీ అద్దాన్ని ఎవరు ఊడదీసుకుపోయారో తెలియదు. ఫౌంటెనులో గుట్కా ప్యాకెట్లు, మెట్ల నిండా పావురాల రెట్టలు. హీరోయిన్లు తిరిగిన చోట పందికొక్కులు తిరిగాయంటే నమ్ముతారా! చివరికి మిగిలింది రెండే కుటుంబాలు. నాలుగో అంతస్తులో నేనూ నా భార్య కరుణమ్మా, సరిగ్గా మా కింద మూడో అంతస్తులో యాదమ్మ.

యాదమ్మ షేక్‌పేట మనిషి, సినిమా కాస్ట్యూములు ఇస్త్రీ చేస్తుంది. పక్షవాతంతో మంచాన పడ్డ తల్లిని పెట్టుకుని, కిరాయి తక్కువని అక్కడ చేరింది. సంఘం మనిషి కాదు, కానీ నన్ను అన్నా అని పిలిచేది, నా మాట మీద గురి.

మా హాలులో స్తంభం దగ్గర మొదటి పగులు వచ్చింది మూడేళ్ల క్రితం. వెంట్రుకంత. నేనేం చేశాను? పుట్టీ పెట్టి, సాండ్‌పేపరు రుద్ది, రంగు కలిపాను. కొత్త రంగు పాత గోడ మీద తెలిసిపోతుంది కదా, అందుకని అందులో కాస్త టీ డికాక్షను కలిపాను. అబ్బ, ఏం కలిసిందండీ! కరుణమ్మే కనిపెట్టలేకపోయింది. నెల తిరిగేసరికి వేలంత అయింది, మళ్లీ టచప్. అప్పటికి ఆవిడకి తెలిసింది, "చచ్చినవాళ్లకి కూడా మేకప్ వేస్తారా మీరు?" అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయి రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. ఆ తర్వాత రంగుకి కూడా లొంగకపోతే ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. సంఘంలో ప్రతి కొత్త సంవత్సరం మనకి వాగ్దాన వాక్యం కార్డు ఇస్తారు కదా, దాన్ని పెద్ద ఫ్రేము కట్టించి ఆ పగులు మీద తగిలించాను. దేవుడు చెయ్యి విడువడు అనే అర్థం వచ్చే వాక్యం అది. నా అబద్ధానికి దేవుని మాటని తెర కట్టాను!

మీలో కొందరు సారాయి నుంచి విడుదల పొందారు, కొందరు పేకాట నుంచి. నన్ను పట్టుకున్నది ఆ చిరునామా. అది పోతే ఏ ఎర్రగడ్డలోనో ఒక్క గదిలో పడి ఉండాలి, అప్పుడు జూబ్లీహిల్స్ ఆశీర్వాదం గారిని ఎవరు పిలుస్తారు?

మున్సిపల్ ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది, చిన్న పిల్ల, చేతిలో చిన్న సుత్తి. అన్ని అంతస్తులూ కొట్టి చూసుకుంటూ మా హాలుకి వచ్చి, "ఈ కాలమ్ దగ్గర క్రాక్స్ ఏమైనా ఉన్నాయా అంకుల్?" అని అడిగింది. ఆ ఫ్రేము మీద చెయ్యి వేసి "ఏమీ లేవమ్మా, దేవుని కృప" అన్నాను. ఫ్రేము తీయమని అడగడానికి ఆ పిల్ల మొహమాటపడింది, దేవుడి పటం కదా. నెల రోజుల్లో మెషీను తెచ్చి మళ్లీ చూస్తానని చెప్పి వెళ్లింది. మెట్ల మీద యాదమ్మ నన్ను ఆపి, "అన్నా, అమ్మను తీస్కొని షేక్‌పేటకు పోదామనుకున్న. మీరే ఫికర్ లేకుండ ఉంటుంటె నాకేం ఫికర్ అని ఆగిన" అంది. నేను ఏమన్నాను? "విశ్వాసం ఉండాలి యాదమ్మా" అన్నాను. ఈ నాలుకతోనే అన్నాను!

ఆ నెల గడువులోనే జనవరి వచ్చింది. మన గృహ ప్రార్థన కూడిక మా ఇంట్లో పెట్టమని పాస్టరు గారి దగ్గర నేనే పట్టుబట్టాను. శనివారం సాయంత్రం నాలుగింటికి కూడిక. పొద్దున్నే కుర్చీలు అద్దెకి తెప్పించి హాలంతా వేయించాను, మధ్యాహ్నం కొత్త వాగ్దానం తగిలిద్దామని పాత ఫ్రేము తీశాను. మేకుతో పాటు గోడ పెళ్ల ఊడి వచ్చింది. ఎంత లోతుందో చూద్దామని చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా లోపలికి వెళ్లిపోయింది సహోదరులారా! వేళ్లకి ఇనుప చువ్వ తగిలింది, పట్టుకుంటే బిస్కెట్టులా పొడి పొడి అయింది. చెయ్యి బయటికి తీస్తే ఎర్రటి తుప్పు. అక్కడే మోకరించాను.

ఏం ప్రార్థన చేశానో తెలుసా? "ప్రభువా, ఈ ఒక్క సాయంత్రం నిలబెట్టు. కూడిక అయిపోయి అందరూ వెళ్లేదాకా నా పరువు కాపాడు తండ్రీ, రేపు చూద్దాం." ఇదీ నా ప్రార్థన! ముప్పై మందిని ఆ హాలులో కూర్చోబెట్టబోతూ, మీ పిల్లల్ని, మీ ముసలివాళ్లని కూర్చోబెట్టబోతూ, నా పరువు కాపాడమని అడిగాను! ఆమేన్ అని లేచి వెళ్లి పుట్టీ కలిపాను. ఇప్పుడు తలచుకున్నా నా మీద నాకే అసహ్యం.

పుట్టీ పెడుతూ ఉండగా యాదమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "అన్నా, అమ్మ రూము తలుపు తెరుస్తలేదు. పొద్దుగాల మంచిగనే ఉండె, గిప్పుడు గట్టిగ పట్కున్నది. అమ్మ లోపట్నే ఉన్నది, జర సుత్తె ఉంటె ఇయ్యిర్రి" అని వగరుస్తోంది. తలుపు ఎందుకు పట్టేసిందో నాకు తెలుసు. పైనున్న దూలం కిందికి దిగితేనే చట్రం అలా బిగుస్తుంది. అప్పుడు నా లోపల నుంచి ఇంకో ప్రార్థన వచ్చింది, "ప్రభువా, ఇల్లు పోతే పోనీ, నా నోరు తెరువు" అని. ఆ పుట్టీ అంతా గోళ్లతో గీకేసి యాదమ్మకి ఆ బొక్క చూపించేశాను.

ఆ తర్వాత జరిగింది మీలో కొందరికి తెలుసు. కరుణమ్మ కూడికకి బయలుదేరిన వాళ్లందరికీ ఫోన్లు చేసి రావద్దని అరిచింది. ముందుగా వచ్చేసిన మన సంఘం అన్నదమ్ములు నలుగురు గునపం పెట్టి తలుపుని మెల్లగా ఊడదీశారు. లిఫ్టు లేదు, మంచం మెట్లలో తిరగదు, ఎలా దింపాలి? నా మేకప్ కుర్చీ గుర్తొచ్చింది. ఎంతమంది హీరోల్ని కూర్చోబెట్టిన కుర్చీ అది! అందులో ఆ ముసలమ్మని కూర్చోబెట్టి, చీరతో నడుముకి కట్టి, మూడంతస్తులూ దింపారు. గేటు బయట రోడ్డు మీద నిలబడి ఊపిరి పీల్చుకున్నామో లేదో, ఇంకా నాలుగు కూడా కాలేదు, డాబా మీద ఈతకొలను మా హాలులోకి దిగింది. మా హాలు యాదమ్మ హాలులోకి దిగింది. ఆ చప్పుడు నేను చెప్పలేను. దుమ్ము తగ్గాక చూస్తే, గోడ లేని చోట నుంచి అద్దె కుర్చీ ఒకటి చువ్వకి వేలాడుతోంది. ఒక్క ప్రాణం పోలేదు సహోదరులారా, ఒక్క గోరు విరగలేదు, దేవునికే మహిమ!

అక్కడే రోడ్డు మీద యాదమ్మ నా దగ్గరికి వచ్చి, "గీ పగులు నీకు ఎప్పట్సంది ఎరుక?" అని అడిగింది. మూడేళ్ల నుంచి అన్నాను. అందరి ముందూ నా చెంప ఛెళ్లుమనిపించింది. మా అమ్మ పోయాక నన్ను కొట్టినవాళ్లు లేరు. ఆ దెబ్బ తగిలాక ఇంజనీరమ్మ వస్తే ఆ పిల్లకి, పాస్టరు గారికి, పోలీసులకి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నిజం చెప్పాను. మూడేళ్ల తర్వాత ఆ రాత్రి నిద్రమాత్ర లేకుండా నిద్రపట్టింది.

ఇప్పుడు మేం ఎర్రగడ్డలోనే ఉంటున్నాం, ఒక్క గది, దేనికి భయపడ్డానో అదే. గదిలో ఒక మూల నెర్రె ఉంది, దాని మీద ఏమీ తగిలించలేదు, వచ్చిన ప్రతివాళ్లకీ ముందు అదే చూపిస్తాను, కరుణమ్మ నవ్వుతుంది. నా ప్రియమైనవారలారా, మీ ఇళ్లలో కూడా ఏదో ఒక ఫ్రేము వెనుక ఏదో ఒకటి ఉంటుంది. ఈ రోజే తీసి ఆయనకి చూపించండి. ఆయన మన గోడని చూసి అసహ్యించుకునే దేవుడు కాదు. నాలాంటివాణ్ణే చెయ్యి పట్టి బయటికి లాగాడు, మిమ్మల్ని వదులుతాడా?

ఇంక ఒక్క మాట. అదిగో, చివరి వరుసలో ఆకుపచ్చ చీర కట్టుకుని కూర్చున్నది యాదమ్మ, పక్కన నా మేకప్ కుర్చీలో వాళ్లమ్మ. మన ప్రార్థన కోసం రాలేదు. పోయిన వారం ఈ సాక్ష్యం సంగతి చెబితే, "మొత్తం జెప్తవో, గోడకు ఏసినట్టు దీనికి సుత రంగేస్తవో, నేనొచ్చి ఇంట" అంది. యాదమ్మా, చెప్పమ్మా, అంతా చెప్పానా?

తల అడ్డంగా ఊపుతోంది.

నిజమే. ఒకటి దాచాను. నన్ను క్షమించండి, ఇక్కడ నిలబడి కూడా టచప్ వేశాను. యాదమ్మ సుత్తి అడిగినప్పుడు నేను బొక్క చూపించలేదు. ఫ్రేముని ఓ కుర్చీ మీద నిలబెట్టి ఆ బొక్కకి ఆనించి, దానికి అడ్డం నిలబడ్డాను. సుత్తి చేతిలో పెట్టి, "చెక్క ఉబ్బి ఉంటుంది, ఫికర్ వద్దు" అని పంపించేసి తలుపు వేసుకున్నాను. మళ్లీ ఫ్రేము తీసి రెండో పూత మొదలుపెట్టాను. కింద ఆవిడ తన తల్లి కోసం తలుపు మీద కొడుతోంది. ఒక్కొక్క దెబ్బకీ పైన నా గోడ నుంచి పుట్టీ నా కాళ్ల మీద రాలుతోంది. ఇంకో దెబ్బ, ఇంకో పెళ్ల. నేను తియ్యడానికి ఒప్పుకోని రంగుని దేవుడు ఆవిడ చేతి సుత్తితో రాల్చాడు. అప్పుడు వచ్చింది సహోదరులారా ఆ రెండో ప్రార్థన, అప్పుడు పరుగెత్తాను మెట్ల మీద, "కొట్టొద్దు యాదమ్మా, గోడ పోయింది, అమ్మని తీసుకుపోదాం" అని అరుచుకుంటూ.

ఇప్పుడు నిలువుగా ఊపింది. చూశారా, ఇప్పుడు చెప్పండి స్తోత్రం.