మొరిగితే తవ్వాలి

నేను కాపురానికి వచ్చినప్పుడు నా వెంట రెండు ట్రంకు పెట్టెలు, ఒక ఆడకుక్క వచ్చాయి. పెట్టెల గురించి అత్తగారింట్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ కుక్క గురించి మాత్రం వారం రోజులు మాట్లాడుకున్నారు. శోళవరం దగ్గర మా పుట్టింటి మళ్ళలో పందికొక్కుల బొరియలు కనిపెట్టే కుక్క అది. రంగు బూడిద, చెవులు వంకర, అందమంటూ ఏమీ లేదు. కానీ దాని ముక్కు మీద నాకున్న నమ్మకం నా కళ్ళ మీద కూడా లేదు.

అత్తగారి ఊరు తిరుత్తణికి ఆరేడు మైళ్ళు. డెబ్భైల చివరి సంవత్సరాలవి. మా ఆయన పొద్దున రైలుకు మద్రాసు ఆఫీసుకు పోయి దీపాలు పెట్టాక ఇల్లు చేరేవాడు. అందుకని సేద్యం చూసేది మామగారు, నేను. ఆయనకు అరవై దాటాయి. మంచి మనిషి, మొండి మనిషి. ఆయన గర్వమంతా రెండింటి మీదే. ఒకటి, చుక్క నీరు కారని ఆయన పొలం గట్లు. రెండోది, వాళ్ళ నాయన కాలం నుంచి ఇంట్లో పెంచుతూ వచ్చిన జాతిలో పుట్టిన ఎర్ర మగకుక్క.

పందికొక్కుతో వేగనివాళ్ళకు ఆ బాధ తెలియదు. పిల్లిపిల్లంత ఉంటుంది. వరి కంకులు కొరికి బొరియలోకి మోసుకుపోయి దాచుకుంటుంది. గట్టు లోపలంతా గుల్ల చేసి నీళ్ళన్నీ పక్క మడికి పోయేట్టు చేస్తుంది. ఒక్కో గట్టుకు పదీ పదిహేను బొరియలుంటాయి, వాటిలో ముప్పాతిక భాగం అది వదిలేసి పోయినవే. ఎందులో ఉందో చెప్పగలిగేది కుక్క ముక్కు ఒక్కటే.

అరవ లెక్కన మాసి నెలలో కోతలు ముగియగానే చుట్టుపక్కల ఐదారు ఊళ్ళ రైతులు కుక్కల పోటీ పెట్టుకునేవాళ్ళు. కుక్కల్ని గట్ల వెంట నడిపిస్తారు. ఏ కుక్క ఏ బొరియ దగ్గర ముందు మొరిగితే ఆ బొరియ దాని లెక్కలోకి పోతుంది. పెద్దమనిషి ఒకాయన అక్కడ సున్నంతో గుర్తు పెడతాడు. ఎక్కువ గుర్తులు పడిన కుక్క మెడలో పూలదండ, దాని యజమాని భుజాన జరీ కండువా. తవ్వి చూడటమనేది లేదు. ఒకరి గట్టు మీద ఇంకొకరు పార వేయడం మా వైపు పెద్ద తప్పు కదా, అందుకని కుక్క మొరగడమే సాక్ష్యం.

మామగారి ఎర్రకుక్క వరసగా మూడేళ్ళు దండ వేయించుకుంది. ఇంకేం, అందరూ తమ ఆడకుక్కల్ని దాని దగ్గరికే తోలుకొచ్చారు. మూడో ఏడుకల్లా ఆ ఊళ్ళలో ఎక్కడ చూసినా దాని పిల్లలే. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, చూస్తే కళ్ళు చెదిరేవి. నేను మాత్రం గట్ల మీద తిరిగే మనిషిని. ఎన్ని దండలు పడినా మా చేలో పందికొక్కులు తగ్గలేదు, పైగా పెరుగుతున్నాయి. అది నాకు మింగుడు పడలేదు.

ఆ మూడో ఏటి పోటీ అయిన రెండు రోజులకు, బొరియలు తవ్వి ఎలుకలు పట్టే ఇరుళ తెగ పెద్దాయన్ని పిలిపించాను. ఊరి చెరువు కట్ట కింద వాళ్ళ గుడిసెలు. బొరియలో దొరికిన కంకులు తవ్వినవాడివే, అది మా వైపు కట్టుబాటు. ఆయన వెంట ఎప్పుడూ ఒక పొట్టి నల్లకుక్క ఉండేది. మా గట్టు మీద ఎర్రకుక్క వేయించుకున్న సున్నం గుర్తులు పదకొండు. పొట్టికుక్క అన్నిటినీ వాసన చూసి మూడింటి దగ్గరే మొరిగింది. ఆయన ఆ మూడూ తవ్వాడు, మూడింట్లోనూ పందికొక్కులున్నాయి. నేను ఊరుకోక మిగతా ఎనిమిదీ కూడా తవ్వించాను. అన్నీ ఖాళీ.

"నీ కుక్కకు ఇంత ముక్కు ఎట్లా వచ్చింది?" అని అడిగాను.

ఆయన అరవం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. "ముక్కు అన్ని కుక్కలకీ ఉండాది అమ్మా. మీ ఎర్రది మొరిగితే దాని మెళ్ళో దండ పడతాది. నాది మొరిగితే నేను తవ్వాల. వట్టిగా మొరిగే దాన్ని నేను ఎన్నాళ్ళని సాకేది?" అన్నాడు.

ఆ మాటతో నాకు విషయమంతా తెలిసిపోయింది. మేం మూడేళ్ళుగా కుక్కల ముక్కుకు కాదు, నోటికి దండలు వేస్తున్నాం. ఏది వాగుడుకాయో దాన్నే ఏరి మరీ పిల్లలు పుట్టిస్తున్నాం.

ఇక్కడ నా స్వార్థం కూడా చెప్పాలి. నా కుక్కకు అప్పటికి ఏడేళ్ళు. ముందు రెండు ఈతల పిల్లలూ నిలవలేదు. వచ్చే ఏడు మాసి పోయి పంగుని నెలలో ఎదకొస్తే అదే ఆఖరు ఈత. దానికి ఎర్రకుక్కనే జత కట్టాలని మామగారు ఎప్పుడో తీర్మానించేశారు. నా పుట్టింటి నుంచి వచ్చిన నిజాయితీ ఆ ఈతతో మట్టిలో కలిసిపోతుందని నాకు దిగులు పట్టుకుంది.

మర్నాడు మామగారికి ఇడ్లీలు పెడుతూ సంగతంతా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన నవ్వారు.

"రెండు దినాలు అయినాక తవ్వితే పందికొక్కు యాడుంటాది మ్మా? నీ కోసం కాచుకోని ఉంటాదా?"

"అయితే మొరిగిన వెంటనే తవ్విద్దాం మామా. పక్క దారులకు వలలు పెట్టి మరీ తవ్విద్దాం. ఖాళీ అయితే ఉన్న గుర్తుల్లో ఒకటి కొట్టేద్దాం. ఇంకొకటి, కూలోళ్ళు వద్దు. ఎవరి కుక్క మొరిగితే వాళ్ళే తవ్వాల."

"గట్టు ఎవరిస్తారు తవ్వేదానికి?"

"అదే కదా," అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "మన గట్లే ఇస్తాను. వచ్చే ఏడు పోటీ ఈ రూలుతోనే. నా కుక్క గెలిస్తే నీ ఆడదానికి దాన్నే కట్టాల, నువ్వు నోరెత్తకూడదు. ఓడిపోతే నీ ఇష్టం," అన్నారు. ఎర్రకుక్క మీద ఆయనకు అంత ధీమా. నాకు మాత్రం తక్కువా? సరేనన్నాను.

ఆయనే ఊరూరా తిరిగి అందరినీ ఒప్పించారు. మరుసటి ఏడు మాసిలో పోటీ మా పొలంలో జరిగింది. అంత వినోదం నేను మళ్ళీ చూడలేదు. ముందటేడు దాకా "మొరుగురా నాయనా" అని తొడలు కొట్టుకున్న పెద్దమనుషులు, ఆ రోజు కుక్క బొరియ వైపు చూస్తే చాలు, తాడు పట్టి వెనక్కి లాగుతున్నారు. పక్క ఊరి ఆసామి ఒకాయన తన కుక్క మూతికి కండువా చుట్టి రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. సగం మంది రెండు బొరియలు తవ్వేసరికి నడుము పట్టుకుని గట్టు దిగిపోయారు.

నా కుక్క నాలుగింటి దగ్గర మొరిగింది. కొంగు బిగించి నేనే తవ్వాను. ఆడది గడ్డపార పట్టిందని గుసగుసలాడినవాళ్ళను ఒక్క చూపు చూసి నా పని నేను చేసుకున్నాను. మూడింట్లో పందికొక్కులు దూకాయి. నాలుగోది ఖాళీ. నా కుక్క కూడా ఒక అబద్ధమాడింది, దాచను. మూడులో ఒకటి పోయి, నా లెక్క రెండు.

తర్వాత మామగారి ఎర్రకుక్కను వదిలారు. మొదటి బొరియ దగ్గరే గొంతెత్తింది. మామగారు చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి తవ్వారు. పందికొక్కు బయటికి దూకగానే జనం ఈలలు వేశారు. ఆయన నావైపు చూసి మీసం దువ్వారు. నేనూ నవ్వాను. రెండోది తవ్వితే ఖాళీ. మూడోది ఖాళీ. నాలుగు, ఐదు కూడా అంతే. కుక్క మాత్రం ఏ అనుమానమూ లేకుండా తోక ఆడించుకుంటూ తర్వాతి బొరియకు పోయి మొరుగుతూనే ఉంది. ఆయన దాని వెనకే గడ్డపార ఈడ్చుకుంటూ పోతున్నారు. ఆరోది తవ్వేటప్పుడు ఈలలు ఆగిపోయాయి.

నేను ఆ రూలు పెట్టింది కుక్కను ఓడించడానికి. అరవై దాటిన మనిషి, తన చేతులతో కట్టుకున్న గట్లను తనే పగలగొట్టుకుంటూ, ఊళ్ళ వాళ్ళందరి ముందు ఎండలో నిలబడతాడని నాకు తట్టనే లేదు. నాకు సిగ్గేసింది. దగ్గరికి పోయి, "చాలు మామా, ఆపేద్దాం," అన్నాను.

ఆయన గడ్డపార మీద ఆనుకుని ఊపిరి పీల్చుకున్నారు. "రూలు పెట్టింది నువ్వు. నేనే కదా ఊరూరా తిరిగి చెప్పొచ్చినా. ఇప్పుడు నా కాడికి వచ్చేసరికి ఆపితే ఎట్లా మ్మా?"

"అయితే నేను తవ్వుతాను."

"మొరిగింది నా కుక్క," అన్నారు. మళ్ళీ వంగి తవ్వారు.

ఎనిమిది బొరియలు. రెండింట్లోనే దొరికాయి. అయినా ఆయన వెంటనే గట్టు దిగలేదు. పగలగొట్టిన చోటల్లా మట్టి ముద్దలు తెచ్చి పూడ్చి, కాలితో తొక్కి, మళ్ళీ నీళ్ళు నిలిచేటట్టు చేసి గానీ కదల్లేదు. ఒక్కరు కూడా నవ్వలేదు. అందరూ ఆయన పని అయ్యేదాకా నిలబడే ఉన్నారు.

ఇంటికొచ్చి అన్నం వడ్డించాను. కలపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అరచేతుల నిండా బొబ్బలు, రెండు చిట్లిపోయి ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. "ఊరుకో మ్మా, చెంచా ఇయ్యి," అన్నారు. తిన్నాక ఎర్రకుక్కకు ఎప్పటిలాగే తన చేత్తోనే అన్నం పెట్టారు. దాని తల నిమిరి, నాతో మామూలుగా చెప్పారు: "దీన్ని చచ్చేదాకా నేనే సాకుతాను. ఇంక దేనికీ కట్టను. మా నాయన కాలం నాటి జాతి మన ఇంట్లో దీంతో సరి."

ఆ మాట ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. గెలిచింది నేనే. అయినా ఆ పూట నా వంతు అన్నం కుక్కలకే పెట్టేశాను.

మర్నాడు పొద్దున ఆయన స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, తమలపాకులు, వక్కలు, కొత్త తువ్వాలు పళ్ళెంలో పెట్టించుకున్నారు. "రా మ్మా, పోయొద్దాం."

"యాడికి మామా?"

"సంబంధం అడిగేదానికి. ఇష్టం నీది అన్నా కదా. నువ్వు ఎవర్ని అనుకుంటా ఉండావో నాకు తెలీదా?"

చెరువు కట్ట కిందికి ఆయన అంతకు ముందెప్పుడూ దిగలేదు. పనుంటే కట్ట మీద నిలబడి కేకేసేవారు, అంతే. ఇరుళ పెద్దాయన గంజి తాగుతున్నవాడల్లా గిన్నె కింద పెట్టి లేచి నిలబడ్డాడు. మామగారు పళ్ళెం ముందుకు చాచి, మా ఆడకుక్కకు నీ నల్లకుక్కను జత చెయ్యాలని అడిగారు. పుట్టిన పిల్లల్లో మొదట ఏరుకునేది నువ్వేనని కూడా అన్నారు.

పెద్దాయన బెదిరిపోయాడు. "అయ్యా, ఇది జాతి కుక్క కాదయ్యా. మీ ఇంట్లో అంత గొప్ప ఎర్రకుక్క ఉండంగా..."

మామగారు పళ్ళెం నా చేతికిచ్చి తన రెండు అరచేతులూ ఆయన ముందు తెరిచారు. "ఇన్నేండ్లూ నేను మొరిగేది విని దండలు ఏసినాను. నిన్న తవ్వినాను. అందుకే నీ కాడికి వచ్చినా," అన్నారు.

పెద్దాయన ఆ చేతుల వంక చూశాడు. తర్వాత లోపలికి పోయి ఒక చాప తెచ్చి నేల మీద పరిచాడు. "కూర్చోండయ్యా, బొబ్బలకు ఆకు పసరు పూస్తాను," అన్నాడు.

మామగారు చెప్పులు విడిచి, ఆయన పక్కన కూర్చున్నారు.