తాటి దోనెల వాక్యం

నాకు అనుమానం ఎక్కువ. ఇంటికి తాళం వేసి వీధి మలుపుదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసే రకం. ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి రోజూ రైల్లో వెళ్ళి ఇంటర్ పిల్లలకు హిస్టరీ చెబుతాను. ఇన్నేళ్ళలో ఏ పిల్ల కడుపునొప్పి అన్నా వెంటనే నమ్మలేదు. అలాంటిదాన్ని, ఫోన్లో వీడియోలు చూసి పరీక్షకు చదువుతున్నామంటే నమ్ముతానా? ఆ ఫోన్లలో వీళ్ళు ఏం చూస్తారో నాకు తెలియదనుకుంటారు.

మొన్న ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు దగ్గర నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. చాళుక్యుల మీద పది మార్కుల ప్రశ్న. చేతిరాత ముచ్చటగా ఉంది. మధ్యలో ఈ వాక్యం: "చాళుక్య సేన తాటి దోనెల మీద కొల్లేరు దాటి, తెల్లవారేసరికి కోట ముందు నిలిచింది."

కొల్లేటి దగ్గర యుద్ధం జరిగిన మాట శాసనంలో ఉంది. తాటి మొద్దును తొలిచి చేసే ఆ దోనెలు కొల్లేటి వాళ్ళు రోజూ ఎక్కేవే. కానీ చాళుక్యులు వాటిని ఎక్కినట్టు ఏ శాసనంలోనూ లేదు. ఎక్కించింది నేను.

చాలా ఏళ్ళ కిందట, క్లాసుకు రాకుండా నా నోట్సు జిరాక్సు తీయించుకుని గట్టెక్కేసేవాళ్ళు ఉండేవారు. వాళ్ళ పని పట్టాలని ఒక ఏడాది నోట్సులో ఆ వాక్యం ఇరికించి కాలేజీ ఎదుటి జిరాక్సు షాపులో ఇచ్చాను. క్లాసుకు వచ్చినవాళ్ళ చేత మాత్రం ఆ వాక్యం కొట్టేయించాను. ఆ ఏడాది కాలేజీ పరీక్షలో దోనెల సంగతి రాసినవాళ్ళంతా దొరికిపోయారు. అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. తర్వాత ఆ నోట్సు ఇవ్వడం మానేశాను.

అంటే ఆ పాత జిరాక్సు ఎక్కడో సంపాదించి, ఈ పిల్ల చీటీలు పెట్టి రాసిందన్నమాట. స్టాఫ్‌రూంకి పిలిపించాను. కొల్లేటి లంక ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి.

"ఎందులో చూసి రాశావు?"

"చూసి రాయలేదండి. వీడియోలో విని నేర్చుకున్నానండి. గణపవరం సారొకరు చెప్తారండి. ఆ దోనెల ముక్క నాకు భలే నచ్చిందండి. మా తాతయ్యకీ దోనె ఉందండి. అందుకే మర్చిపోలేదండి."

మాట తడబడకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది. రేపు మీ నాన్నగారిని తీసుకురమ్మన్నాను. పిల్ల ముఖం పాలిపోయింది.

"కాలేజీ నించి ఒక్క కంప్లయింటు వచ్చినా చదువు మాన్పించి రొయ్యల షెడ్డులో పనికి పెట్టేస్తానన్నారండి. మీరు మళ్ళీ పరీక్ష పెట్టండి మేడమ్, రాస్తాను. నాన్నని మాత్రం వద్దండి."

ఇలాంటి ఏడుపులు చాలా చూశానని చెప్పి పంపేశాను.

సాయంత్రం రైల్లో, ఆ పిల్ల అబద్ధం బయటపెట్టాలనే, ఆ వీడియో కోసం వెతికాను. దొరికింది. మనిషి కనిపించడు. ఒక చెయ్యి, ఒక తెల్ల కాగితం, నెమ్మదైన గొంతు. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది గానీ, బాగా చెబుతున్నాడు. కాసేపటికి ఆ చెయ్యి దోనెల వాక్యం రాసింది, నేను పెట్టిన కామాతో సహా. కింద ఎక్కడెక్కడి పిల్లలో, చింతలపూడి వాళ్ళు కూడా, థాంక్స్ సార్ అని రాశారు.

సందేహాలుంటే ఫోన్ చేయమని వీడియో చివర నంబరు ఇచ్చాడు. ఏలూరులో దిగి, ప్లాట్‌ఫారం మీదే నిలబడి చేశాను. నేనెవరో చెప్పకముందే గొంతు పట్టేశాడు.

"మేడమ్ గారాండి. నేను మీ స్టూడెంట్‌నేనండి. మీకు గుర్తుండదులెండి, నేను క్లాసుకొచ్చింది మొదటి నెల రోజులేనండి. మీ గొంతు మాత్రం మర్చిపోలేదండి. ఆ ఏడాది నాన్నకి జబ్బు చేస్తే చేపల చెరువు కాపలాకి నేనే వెళ్ళానండి. కాలేజీ పరీక్షలకీ రాలేదండి, పబ్లిక్‌కే వచ్చాను. గట్టు మీద కూర్చుని మీ జిరాక్సే చదివానండి. నాకు క్లాసంటే అదేనండి. ఇప్పటికీ ఒక్క అక్షరం మార్చకుండా చెప్తున్నానండి."

కాలేజీ పరీక్ష రాయలేదు కాబట్టి నాకు దొరకలేదు. దోనెల సంగతి చెప్పాను. అది చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

"అయితే అది నాబోటోళ్ళ కోసం పెట్టారన్నమాటండి" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "తీసేస్తానండి. తప్పని పిల్లలకీ చెప్తానండి."

ఆ రోజు నిలబెట్టి కడిగేసినవాళ్ళలో ఒక్కరినైనా, క్లాసుకు ఎందుకు రాలేకపోయావని అడిగానా? అడగలేదు. సిగ్గేసింది.

మర్నాడు తండ్రి వచ్చాడు. స్టాఫ్‌రూం గుమ్మం బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనకాల ఆ పిల్ల, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మా పిల్ల ఏం చేసిందండి?"

"ఏమీ చెయ్యలేదండి. కష్టపడి చదివి రాసింది. తప్పు నాది" అని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆయనకు సగమే అర్థమైనట్టుంది.

"అయితే కంప్లయింటు లేదాండి?"

"లేదండి. దయచేసి చదువు మాన్పించకండి."

"ఎందుకు మాన్పిస్తానండి" అని, బస్సు వేళయిందంటూ ఆయన వెళ్ళిపోయాడు.

పిల్ల మాత్రం కదల్లేదు.

"దోనెలు నిజం కాదాండి?"

"కాదమ్మా."

"మా తాతయ్యకి చదివి వినిపించానండి. ఆయన ఊరంతా చెప్పుకున్నారండి."

ఆ పిల్ల నోట్‌బుక్ తీసి, స్కేలు పెట్టి ఆ వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసింది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పింది. ఏడాదంతా నేను క్లాసులో చెప్పిన పాఠాలు అవి.

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయండి?" అని మర్యాదగానే అడిగింది.

"అదొక్కటేనమ్మా" అన్నాను.

తల ఊపింది. ఆ ఊపు నాకు బాగా తెలుసు. కడుపునొప్పి అన్న పిల్లల ముందు నేను ఊపేది అలాగే. పెన్నుకు మూత పెట్టకుండా, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.