మావయ్య కొలవాలనుకున్న భూమి

మా మావయ్య పోయాడు. మే నెల మొదటి వారంలో ఒక ఉదయం, విజయనగరంలో తన ఇంట్లో కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. నరసన్నపేటలో మాకు ఫోన్ వచ్చినప్పుడు అమ్మ గోడకి ఆనుకుని కూలబడిపోయింది. నాకు ముందు తట్టిన మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది: అయ్యో, ఇంకా తొమ్మిది రోజులుందే!

తొమ్మిది రోజుల్లో ఏముందో మీకు తెలియాలంటే మావయ్య తెలియాలి.

ఆయన అమ్మకి అన్న. ముప్పయ్యేళ్ళు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు రాసి, రిటైరయ్యాక అత్తతో విజయనగరం వచ్చేశాడు. నేను బీఎస్సీ చదివిన మూడేళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆ ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక చీటీ ఉండేది. ప్రోగ్రాము పక్కన వివరణ రాసే అలవాటు చేతికి పట్టుకుపోయిందట. నీళ్ళ మోటారు మీద 'ఆపితే మూడు నిమిషాలాగి వెయ్యాలి. కారణం తెలియదు. కనుక్కోవాలి.' మెట్ల కింద పాత స్విచ్ మీద 'ఇది దేనికో తెలియదు. అయినా ముట్టుకోవద్దు.' వంటింటి తలుపు మీద చీటీ మాత్రం అత్త రాసింది: 'ఇక్కడ అన్నీ తెలిసే జరుగుతాయి.'

ఒకసారి నా ల్యాబు రికార్డులో ఒక రీడింగు మిగతావాటితో కలవలేదు. రబ్బరు తీసి చెరిపేస్తుంటే చూశాడు.

"ఏటే, తప్పు కనబడితే తుడిసేస్తావా? అది నీకేదో సెప్తన్నాది. ముందు ఇను."

మర్నాడు నాచేత ఆ ఒక్కటీ మళ్ళీ కొలిపించాడు. మళ్ళీ అదే వచ్చింది. థర్మామీటరే ఒకచోట తప్పు చూపిస్తోందని తేలింది. చెప్పగానే లాటరీ తగిలినవాడిలా చప్పట్లు కొట్టాడు. తప్పు దొరికిన రోజు ఆయనకి పండగ. అంత ఆనందపడే మనిషి పక్కన ఉంటే మనకి బద్ధకం ఎలా వస్తుంది చెప్పండి?

ఇక ఆ రోజు సంగతి. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు మన ఊళ్ళకి సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు. ఆ మిట్టమధ్యాహ్నం నిలువు గుంజకి నీడ ఉండదు. జూలైలో వచ్చే రోజుని మబ్బులు మింగేస్తాయి, కాబట్టి చేతికి దొరికేది మేలో రోజే. విజయనగరంలో నీడ మాయమైన మధ్యాహ్నమే, ఇంకాస్త ఉత్తరాన ఉన్న నరసన్నపేటలో అంతే పొడుగు గుంజకి వేలి వెడల్పంత నీడ మిగిలిపోతుంది. ఆ కాస్త నీడా, రెండు ఊళ్ళకీ ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరమో తెలిస్తే చాలు, భూమి చుట్టుకొలత వచ్చేస్తుంది. వేల ఏళ్ళ కిందట ఎవరో చేసేసిన లెక్కే. అయినా మావయ్య దాని గురించి మాట్లాడుతూ కుర్చీలో కుదురుగా ఉండేవాడు కాదు.

"ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి భూమిని కొలిసీసి, మళ్ళీ సాయంత్రం టిఫినుకి ఇంటికొచ్చీవచ్చే," అనేవాడు.

కిందటేడు అంతా సిద్ధం చేశాడు. ముందురోజు మా ఊరొచ్చి, మా వాకిట్లో పదడుగుల సరుగుడు గుంజ పాతి, మేస్త్రీలు వాడే గుండు వేలాడదీసి నిలువు సరిచూసి, తన ఊళ్ళో గుంజ దగ్గరికి వెళ్ళిపోయాడు. నీడ కొలిచే పని నాది. మేం మర్చిపోయింది ఒక్కటే. పెళ్ళిళ్ళ రోజులు, ఇంట్లో పెళ్ళీడు పిల్ల, వాకిట్లో మేనమామ స్వయంగా పాతిన గుంజ. వీధికి ఇంకేం కావాలి?

"ఏటి, సెప్పకుండానే పందిరిరాట ఏసీసినారు? కుర్రోడిదే ఊరు?" అని ఎదురింటావిడ నాయనమ్మని నిలదీసింది.

అది రాట కాదని నాయనమ్మకి తెలుసు. కానీ నలుగురూ రాట అంటున్నదాన్ని బోడిగా నిలబెట్టడానికి ఆవిడ మనసొప్పలేదు. నేను స్నానానికి వెళ్ళిన సమయంలో నిచ్చెన వేయించి, గుంజ కొసకి పసుపు గుడ్డా మావిడాకులూ కట్టించేసింది. పన్నెండు కాబోతుండగా నేను స్కేలు పట్టుకుని వచ్చేసరికి, గుంజ మొదట్లో సన్నటి నీడకి బదులు గొడుగంత మచ్చ! నిచ్చెన మళ్ళీ వేసి విప్పేలోగా సూర్యుడు దాటిపోయాడు.

ఏడుస్తూ ఫోన్ చేశాను. మావయ్య ఎంతసేపు నవ్వాడంటే మధ్యలో అత్త ఫోను లాక్కుని ఏమైందని అడగాల్సి వచ్చింది. తర్వాత ఆయనే అన్నాడు.

"ఎవులి తప్పూ కాదే. అది గుంజని మనం గుంజ మీద రాయలేదు. వచ్చేడు చీటీ అంటిద్దాం."

ఆ వచ్చేడు వచ్చింది. మావయ్య లేడు. ఆ రోజు పెద్దకర్మ కూడా కాని మైల రోజుల్లో పడింది. విజయనగరం ఇంటి నిండా బంధువులు. పెరట్లో గోడవారగా గుంజ, గుండు, తాడు అన్నీ ఆయన పెట్టినచోటే ఉన్నాయి. ముందురోజు అత్తతో మెల్లగా మాట కదిపాను. పక్కనే ఉన్న పెదమావయ్య, అంటే ఆయన అన్నగారు, విన్నాడు.

"మైలింట్లో రాటేటే? సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

కాలేజీలో లెక్చరర్లతోనే వాదించేదాన్ని. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషితో వాదించడానికి నోరు రాలేదు. ఇది పోతే మళ్ళీ ఏడాది. అప్పటికి ఈ ఇల్లు ఉంటుందో, అద్దెకిచ్చేస్తారో, నేను ఏ ఊళ్ళో ఉంటానో.

ఎనిమిది రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని అత్త, చాప మీంచే అంది.

"బావగారూ, కర్మలన్నీ మీరు సెప్పినట్టే సేయిస్తాను. ఆయన ఏడాది పొడుగునా ఎదురుసూసిన మజ్జానం ఇది. ఈ ఒక్కటీ నాకొదిలీండి."

పెదమావయ్య లేచి అరుగు మీదకి వెళ్ళిపోయాడు. తెల్లారి నేను గొయ్యి తవ్వి గుంజ నిలబెడుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. "అలా ఒరగబెట్టి పాతితే నీడెలా పోతాది?" తిరిగి చూస్తే గుండు తాడు ఆయన చేతిలో ఉంది.

నరసన్నపేట తూర్పున ఉంది కాబట్టి అక్కడ మిట్టమధ్యాహ్నం మాకంటే రెండు మూడు నిమిషాలు ముందు. నాన్న పొద్దున్నే పాతిన అక్కడి గుంజకి నాయనమ్మ కాపలా. ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదట. నాన్న ఫోన్లో అరిచాడు, పదిహేను మిల్లీమీటర్లని. నిలబడ్డ చోటే లెక్క కట్టాను. భూమి పుస్తకాల్లో ఉన్నదానికన్నా కొంచెం లావుగా వచ్చింది. కానీ వచ్చింది! ఒక సరుగుడు గుంజకీ, ఒక స్కూలు స్కేలుకీ మొత్తం భూమి చిక్కింది!

చెబుదామని తలెత్తాను. అత్త చెప్పుల్లేకుండా ఎండలోకి వచ్చేసింది. పడమటి వైపు నీడ దారప్పోగంత మిగిలి, గుంజ కిందకి జారిపోయింది. అత్త తన పాదాల చుట్టూ చూసుకుంది. పెదమావయ్య కూడా అరుగు దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. తల నీడా భుజాల నీడా పాదాల మీదే ఒదిగిపోయి, ఇద్దరికీ పక్కన నేల మీద ఏమీ లేదు. కాళ్ళు కాలుతున్నా ఎవరూ కదల్లేదు. అలా చూస్తుండగానే గుంజకి తూర్పు పక్క, నల్లగా, వెంట్రుకంత సన్నంగా, కొత్త నీడ ఒకటి బయటికి రావడం మొదలైంది.